రేగుకంప కిరీటం

ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల దగ్గరికి వెళ్తారు. నేను వెళ్ళడం మానేసి కొన్నేళ్ళయింది. అత్తగారి పల్లెలో ఆ రోజు చీకటి విడవకముందే ఆడవాళ్ళు కొవ్వొత్తులు, బంతిపూలు సర్దుకుని బయలుదేరతారు. నేను వాకిట్లో నిలబడి పంపిస్తాను. మోకాళ్ళ నొప్పులని చెబుతాను. నాకే నొప్పులూ లేవు. దారిలో ఒక వంక, అంటే వాగు ఉంది, దాని గట్టు మీద నడిస్తే ఒక తల్లి అడిగిన మాట వినపడుతుంది, అందుకని వెళ్ళను. ఆమె భర్త తాను చెయ్యని తప్పుకు నింద మోశాడు. ఆ తప్పు చేసింది నేను.

మాది చంద్రశేఖరపురం దిక్కు. మెట్ట సేద్యం చేసుకునే హిందూ కుటుంబం. పదో తరగతి తప్పాక మార్కాపురం వచ్చి జెరాక్సు దుకాణంలో పనికి కుదిరాను. దుకాణానికి నాలుగడుగుల దూరంలో గ్రంథాలయం ఉండేది. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడల్లా అక్కడికి పోయి కూర్చునేవాణ్ణి. మొదట ఫ్యాను కోసం అనుకున్నాను, కరెంటు పోతే అక్కడా తిరగదు కదా. కాబట్టి చదువు కోసమేనని ఒప్పుకోవాలి. చరిత్ర, వైద్యం, వ్యవసాయం, ఏది దొరికితే అది చదివాను. ఇంగ్లీషు పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీల లెక్కన లాగించాను. నేను చదివినన్ని పుస్తకాలు మా బంధువుల్లో డిగ్రీలున్నవాళ్ళు కూడా చదవలేదు. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుపడను.

నా భార్యది గిద్దలూరు దగ్గర క్రైస్తవుల పల్లె. ఇష్టపడి చేసుకున్నాం. పెళ్ళయ్యాక ఆమెతో ప్రార్థనకు వెళ్ళడం మొదలుపెట్టాను. పాస్టరు వాక్యం చదువుతుంటే నా చెవికి ముందు ఆనింది చెట్ల పేర్లే. సేద్యగాడి కొడుకుని, అది సహజం. ఒలీవ, అంజూరం, దానిమ్మ, ఖర్జూరం, హిస్సోపు. ఈ చెట్లకు అంత గౌరవం ఎక్కడినుంచి వచ్చిందని గ్రంథాలయంలో వెతికాను. అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి, మరో రెండు మూడు దొరికాయి. ఏడాది పాటు అదే పిచ్చి.

చదివేకొద్దీ నాకు తోచింది ఒకటే. ఆ గుర్తులన్నీ ముందు పనిముట్లు. హిస్సోపు అంటే గోడల పగుళ్ళలో మొలిచే చిన్న పొద. దాని రెమ్మల గుత్తికి తడి పట్టుకుంటుంది, చల్లడానికి వీలుగా ఉంటుంది. యూదులు ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా ఉన్న చివరి రాత్రి చావు ఇంట్లోకి రాకుండా గొర్రెపిల్ల రక్తాన్ని గుమ్మాలకు పూసింది దానితోనే. మన దిక్కు పసుపునీళ్ళు చల్లడానికి వేపమండ వాడినట్టే. తర్వాత తరాలకు ఆ పొద పేరే శుద్ధికి గుర్తయింది. ఖర్జూరపు మట్ట యూదుల పర్ణశాలల పండగలో పంట ఇంటికి చేరిన సంతోషానికి పట్టుకునేది. వాళ్ళు పరాయి రాజుల్ని గెలిచినప్పుడూ దాన్నే ఊపారు. రోమువాళ్ళకు కూడా అది గెలుపు గుర్తు. అందుకే యేసు గాడిద మీద యెరూషలేము వస్తుంటే జనం మట్టలు పట్టుకున్నారు. మా పల్లెలో ఖర్జూరం లేదు కాబట్టి మట్టల ఆదివారం నాడు వంకలోని ఈతమట్టలు కోసుకొస్తారు. ఈత ఖర్జూరానికి స్వయానా చెల్లెలు. ఈ సంగతి పాస్టరుకు నేనే చెప్పాను. ఆయన ఆ వారం ప్రసంగంలో చెప్పి, "మన అల్లుడు తెలిపినాడు" అన్నాడు. మా అత్త ఆ మాట నెల రోజులు ఊరంతా తిప్పింది.

ఆ మెప్పు రుచి మరిగే ముళ్ళ దాకా వచ్చాను.

ఆ పల్లెలో శుభ శుక్రవారం నాడు గుడిలోని కొయ్య సిలువకు ముళ్ళ కిరీటం తగిలిస్తారు. ఏటా చిల్లకంపతో, అంటే సర్కారుతుమ్మ కంపతో చేసేవాళ్ళు. చేలగట్లన్నీ ఆ చిల్లచెట్లే కాబట్టి అదే అందుబాటు. ఆ ఏడు దానికి ముందురోజు సాయంత్రం గుడి అరుగు మీద కూర్చుని ఉండగా, ఆ చెట్టు అమెరికా ఖండం నుంచి వచ్చిందనీ, యేసు కాలానికి ఆ దేశంలో దాని విత్తనం కూడా లేదనీ చెప్పాను. అసలు కిరీటం రేగు జాతి కంపతో అల్లారని చాలామంది నమ్మకం. ఆ దేశపు రేగు, మన రేగు ఒక కుటుంబం. ముళ్ళు జంటగా ఉంటాయి, ఒకటి నిటారు, ఒకటి కొక్కెం.

సంఘపెద్ద చుట్ట పక్కన పెట్టి, "చదువుకున్న అల్లుణ్ణి తెచ్చుకుంటే కంపగ్గూడా కులగోత్రాలు అడగాల్సి వచ్చె" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయితే రేగుకంప ఎవరు తెస్తారన్న మాట వచ్చింది. ఎవరినైనా పంపుతామన్నారు. వాళ్ళు మళ్ళీ ఏ కంపో తెస్తారని, నేనే తెస్తానన్నాను.

శుక్రవారం పొద్దున్నే మచ్చుకత్తి, కంపను పట్టి లాగే పంగలకర్ర తీసుకుని వంక గట్టు వెంట పోయాను. ఎండలకు వంక ఎండిపోయి ఉంది. రేగుచెట్లు అక్కడక్కడా ఉన్నాయి గానీ గొర్రెలు మేసి మోటు చేసిన పొదలు. కొంచెం ముందుకు పోతే గట్టు మీద చదునైన చోట కోసిన రేగుకంప కుప్పగా కనపడింది. ఆకు వాడి ఇంకా రాలలేదు. కొమ్మలు పొడుగ్గా, ముళ్ళు బలంగా, నేను పుస్తకంలో చూసిన బొమ్మలాగే ఉన్నాయి. పైన రాళ్ళు పెట్టి ఉన్నాయి. మా ఊళ్ళో చేనికి కంచె వెయ్యడానికి రేగుకంప కొట్టి, గాలికి పోకుండా రాళ్ళు పెట్టి ఉంచుతాం. ఎవరో కంచె కోసం పెట్టుకున్నారనుకున్నాను. దేవుడి పనికి తీసుకుంటే ఏమంటారులే అనుకుని, రాళ్ళు ఎత్తి వంకలోకి దొర్లించి, మంచి కొమ్మలన్నీ ఏరి మోపు కట్టుకుని వచ్చేశాను.

మా ఇళ్ళల్లో శవాన్ని కాలుస్తారు. పూడ్చిన చోట ఏం చేస్తారో నేను ఎప్పుడూ చూడలేదు. నాకు బామ్మర్ది వరసయ్యే ఒక గొర్రెలకాపరి కొడుకు, రెండేళ్ళవాడు, జ్వరమొచ్చి చనిపోయి అప్పటికి పదిహేను రోజులయింది. నా భార్య వెళ్ళింది. దుకాణంలో సెలవు దొరక్క నేను వెళ్ళలేదు. ఆ బిడ్డను ఎక్కడ పెట్టారో నాకు తెలియదు.

ఆ రోజు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనలో నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. అరగంట మాట్లాడాను. మొదటి మనిషిని తోటలోంచి వెళ్ళగొట్టినప్పుడు నేలకు తగిలిన శాపం ముళ్ళ రూపంలో మొలిచిందనీ, ఆ శాపాన్నే యేసు తల మీద పెట్టుకున్నాడని క్రైస్తవులు చెప్పుకుంటారనీ అన్నాను. రోమువాళ్ళు గెలిచినవాడి తలకు ఆకుల దండ వేస్తారు, దానికి వెక్కిరింత ఈ ముళ్ళ దండ అన్నాను. దేవుడు అంత పెద్ద చెట్లుండగా ముళ్ళపొదలోనే మంటగా ఎందుకు కనపడ్డాడని యూదుల పెద్దలు అడుక్కున్న ప్రశ్న చెప్పాను. బానిసల బాధలో తానూ ఉన్నానని తెలపడానికి అన్నది వాళ్ళ జవాబు. చెట్లన్నీ రాజును ఎన్నుకోబోతే ఒలీవ, అంజూరం, ద్రాక్ష కాదన్నాయనీ, ముళ్ళకంప మాత్రం రండి నా నీడకు అన్నదనీ ఒక పాత కథ కూడా చెప్పాను. జనం నవ్వారు. బిడ్డ పోయిన తల్లి మూడో వరసలో కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. ముళ్ళపొద మంట సంగతి చెప్పినప్పుడు ఆమె తలెత్తి నా వైపు చూసింది. నా మాట ఒక దుఃఖాన్ని తాకిందని లోపల పొంగిపోయాను. సిలువ మీద నా రేగు కిరీటం వేలాడుతూ ఉంది.

ఆదివారం తెల్లవారుజామున అందరితో పాటు నేనూ సమాధుల దగ్గరికి వెళ్ళాను. మొదటిసారి. పాటలు పాడుకుంటూ, కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తూ, వంక గట్టు మీదికి మలుపు తిరిగాక నేను నడక తగ్గించి వెనకబడ్డాను. ఆ చదును చోటు నాకు తెలుసు.

ముందు నడిచే ఆడవాళ్ళు ఆగిపోయారు. పాట ఆగింది. చిన్న గుంత. మన్నంతా ఒక పక్కకు చిమ్మి ఉంది. కుక్కలో, నక్కలో. మోచెయ్యి లోతున తెల్లబట్ట అంచు కనపడుతోంది. బిడ్డ బిడ్డగానే ఉన్నాడు, ఏమీ కాలేదు, అది తర్వాత మగవాళ్ళు చూసి చెప్పారు. కానీ ఆ క్షణాన అక్కడ ఉన్నది తెరిచిన సమాధి, ఈస్టరు పొద్దు. యేసు సమాధి మీది రాయి దొర్లిపోయిన కథ చిన్నప్పటినుంచి విన్న మనిషి ఆ బిడ్డ తల్లి. చేతిలో కొవ్వొత్తి అట్లాగే పట్టుకుని, మెల్లగా, పక్కింటివాళ్ళను ఏదో అడిగినట్టు అడిగింది.

"లేచినాడా నా కొడుకు?"

పండగకు కొడుకుతో కలిసి పుట్టింటినుంచి వచ్చి ఉన్న ఆమె తల్లి ఆమె ముఖాన్ని తన కడుపుకు అదుముకుంది.

బిడ్డ తండ్రి అప్పుడే మంద దగ్గర్నుంచి నేరుగా వచ్చాడు. గుంత చూశాడు. నేను ఏరగా మిగిలింది గాలికి పోయి, పక్కన రెండు పుల్లలే ఉండటం చూశాడు. కుక్కలు తవ్వకుండా నాలుగు మోపుల కంప వేశానన్నాడు. ఆమె అన్న కోపంగా, నాలుగు మోపులేస్తే ఈ రెండు పుల్లలేందని అడిగాడు. మందను వదిలి ఉండలేక తొందరగా నాలుగు రెమ్మలు పడేసి పోయినాడని అప్పటికప్పుడు తీర్మానమైపోయింది. బిడ్డ మీద కంప వెయ్యడం తండ్రి పని, అది కూడా సరిగా చెయ్యలేదన్నారు. అతను రెండోసారి చెప్పలేదు. కిందికి దిగి చేతులతో మన్ను తొయ్యడం మొదలుపెట్టాడు. నేను అందరి వెనక నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఎందుకు తెరవలేదంటే, ఆ పల్లెలో నేను అన్నీ తెలిసినవాణ్ణి. అంతకంటే మంచి కారణం నాకు ఇప్పటికీ దొరకలేదు.

నెల తిరక్కముందే ఆమె పుట్టింటివాళ్ళ దగ్గరికి పెద్దదోర్నాల వెళ్ళిపోయిందని నా భార్య చెప్పింది. శ్రీశైలం రోడ్డు మీద ఆమె అన్నకు టీ హోటలుంది. భర్త రెండుసార్లు పోతే బయటికి రాలేదట. బిడ్డకు నాలుగు ముళ్ళు కప్పలేనివాడు నాకేం కప్పుతాడు అన్నదట. నా భార్య ఈ మాట చెబుతూ, అతను అట్లాంటి మనిషి కాదే అని తనలో తను అనుకుంది. నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను.

ఆ తర్వాత గ్రంథాలయంలో ఏ పుస్తకం తెరిచినా నాకు ఆ గట్టే. ద్రాక్షతోట చుట్టూ ముళ్ళకంచె వేసేవారని చదివాను. గొర్రెల దొడ్డి వాకిట్లో రాత్రిపూట ముళ్ళు అడ్డం పెట్టేవారని చదివాను. అన్నీ ముందు పనిముట్లేనని కనిపెట్టి మురిసిన నేను, ముల్లు చేసే పని ఏమిటో మాత్రం చూడలేదు. అది కాపలా. ఏ దేశంలోనైనా, ఎవరి దేవుడి కిందనైనా, మెత్తనిదాన్ని పళ్ళున్నదాని నుంచి కాపాడుకోవడానికి మనిషి అడ్డం పెట్టేది ముల్లునే. నేను గుర్తు కోసం కాపలాను పీక్కొచ్చాను. పుస్తకం మూసినా ఆమె అడిగిన మాట చెవిలోనే ఉండేది. దుకాణంలో మిషను ఒక్కో కాగితాన్ని బయటికి తోస్తుంటే, ప్రతి తోపుకూ అదే మాట.

శ్రావణం దాటాక అతన్ని వెతుక్కుంటూ పోయాను. కొండ కింద బీడులో మంద తోలుకుని ఉన్నాడు. దూరం నుంచే చూసి, "రా బావ" అని తలగుడ్డ రాతి మీద పరిచాడు కూర్చోమని. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. అతను ఒక గొర్రెపిల్ల కాలిలో ముల్లు తీస్తూ విన్నాడు.

"తెలుసు బావ" అన్నాడు. "ఆ పొద్దే గుడిలోకి పోయి చూసినా. నేను ఎడంచేత్తో నరుకుతా. నా నరుకుడు నాకు తెలీదా?"

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను చెప్తే సాకు అనుకుంటాది. అదిగాక నువ్వు మా అత్తకు అల్లుడివి. పదిమందిలో నీ పేరెట్ల ఎత్తేది?" పిల్లను కిందికి వదిలాడు. అది కుంటుతూ తల్లి దగ్గరికి పోయింది. "ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం బావ? నాకు తెలిసిందే నాకు చెప్తాండావు."

మర్నాడు దోర్నాల బస్సెక్కాను.

శివభక్తుల బస్సులు రెండు ఆగి ఉన్నాయి. హోటలు నిండా జనం. ఆమె వెనక తొట్టి దగ్గర గ్లాసులు కడుగుతోంది. నన్ను చూసి, "ఏందన్నా, కొండకు పోతాండావా?" అంది. లేదమ్మా, నీతో మాట్లాడాలని వచ్చానన్నాను. గ్లాసులు కడుగుతూనే వింది. రేగుకంప, కిరీటం, నేను మోపు కట్టడం, అన్నీ చెప్పాను. నీ భర్త నాలుగు మోపులు వేసిన మాట నిజం, తీసింది నేనని చెప్పాను. ఆమె చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను.

"ఎంతసేపు పట్టింది నీకు?" అంది.

నాకు అర్థం కాలేదు.

"కంప పీకేదానికి. ఒక్క గుంజుకే వచ్చిందా, లాగాల్సి వచ్చిందా?"

"రాలేదమ్మా. కొమ్మలోకి కొమ్మ అల్లి వేసినాడు. పంగలకర్ర విరిగింది. రాళ్ళు ఒక్కోటి రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చె. గంట పైనే పట్టింది."

ఆమె ఆ మాటను నెమ్మదిగా లోపలికి తీసుకోవడం నాకు కనపడింది. తర్వాత అడిగింది.

"అన్ని రాళ్ళు ఎత్తుతాంటే నీకు ఏమీ అనిపించలే?"

అనిపించింది. అది నేను బామ్మర్దికి చెప్పలేదు, ఇప్పటిదాకా ఇందులోనూ రాయలేదు. చివరి రాయి ఎత్తి కంప లాగితే కింద ఒక చిన్న రబ్బరు చెప్పు ఉంది. నీలం రంగుది, అరచేతిలో పట్టేంత. కంచె కంప కింద పిల్లవాడి చెప్పెందుకని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఎవరో మేతకొచ్చినవాళ్ళది పడిపోయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆరాధనకు టైమవుతోంది. విరిగిన పంగలకర్రతో దాన్ని పక్కకు నెట్టాను. వంకలోకి జారింది. పుస్తకం చదివిన కళ్ళు ఆ చెప్పును చూసి కూడా చదవలేదని అనుకుంటే సరిపోదు. చదివాయి. నేను పేజీ తిప్పేశాను.

ఆమెకు అదంతా చెప్పాను.

"రెండు పెట్టినాడు వాళ్ళ నాయన" అంది ఆమె. "ఒకటే ఉండిందా?"

"నాకు కనపడింది ఒకటి."

చేతులు తుడుచుకుంది. లోపలికి పోయి వాళ్ళన్నతో ఏదో చెప్పింది. ఆయన గొంతు పెరిగింది, తర్వాత తగ్గింది. చిన్న సంచి చంకన పెట్టుకుని బయటికొచ్చి, గిద్దలూరు పోవాలంటే మార్కాపురంలో మారాలా అని నన్నే అడిగింది. మారాలన్నాను. రెండు బస్సుల్లోనూ ఆమె ముందు సీట్లో కూర్చుంది, నేను నాలుగు వరసల వెనక. తర్లుపాడు, కంభం దాటాయి. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. టిక్కెట్టు నేను తియ్యబోతే కండక్టరుకు తనే డబ్బులిచ్చింది.

పల్లె మలుపు దగ్గర దిగబోతూ, నేను కూడా లేచానని గమనించి, "నువ్వు రావొద్దన్నా" అంది. కోపం లేదు. అంతకంటే చల్లటిదేదో ఉంది. నేను కూర్చున్నాను. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. ఆమె ఊరి దారి పట్టలేదు. వంక వైపు నడుస్తోంది.

తర్వాత సంగతి నా భార్య వాళ్ళమ్మ దగ్గర విని చెప్పింది. సాయంత్రం మంద తోలుకొస్తూ అతను వంకలో ఆమెను చూశాడట. గొర్రెల్ని గట్టు మీదే వదిలేసి దిగాడట. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక గీరుతున్నారట. ఆ ఆగస్టులో ఒకసారి వంక పారింది. అయినా వెతికారు. పొద్దు పోయేదాకా, మర్నాడూ, ఆ మర్నాడూ. ఆమె మళ్ళీ దోర్నాల వెళ్ళలేదు. ఇప్పుడు వాళ్ళకొక ఆడపిల్ల.

చెప్పు దొరికిందో లేదో నాకెవరూ చెప్పలేదు. మేము పల్లెకు పోయినప్పుడు అతను బావ అని పలకరిస్తాడు, ఆమె మంచినీళ్ళిస్తుంది. గ్లాసు అందుకున్న ప్రతిసారీ అడగాలని నోటిదాకా వస్తుంది.